పెట్టె దానంతటదే ముందుకొస్తుంటే

గోడౌన్‌లో కొత్త ఫ్లో ర్యాక్‌లు పెట్టి ఈరోజుకి నెల. ముందున్న పెట్టె తీయగానే వెనకది రోలర్ల మీద గరగరమంటూ జారి దాని చోట్లోకి వస్తుంటే ఇప్పటికీ నిలబడి చూస్తాను. కరెంటు లేదు, మోటారు లేదు. కాస్త వాలు, పెట్టె బరువు, అంతే.

పాత అరలున్నప్పుడు మా పికర్ల, అంటే ఆర్డర్లకి సరుకు తీసేవాళ్ల, సమయం చాలావరకు నడకకే పోయేది. సరుకు సర్దేవాళ్లు, ఆర్డర్లు తీసేవాళ్లు ఒకే సందులో ఒకరికొకరు అడ్డం. ఇప్పుడు వెనక నుంచి నింపుతారు, ముందు నుంచి తీస్తారు. ముందొచ్చిన సరుకే ముందు వెళ్తుంది కాబట్టి గడువు తేదీల టెన్షన్ బాగా తగ్గింది.

నేనైతే కేటలాగ్ చూసి ఈ ర్యాక్‌లకి ఆర్డర్ పెట్టేసేవాణ్ణే. మా సూపర్‌వైజర్ "ముందు మన పెట్టెలు వేసి చూద్దాం సార్" అని పట్టుబట్టాడు. ఎంత మంచి మాట! వేసి చూస్తే తేలిక పెట్టెలు మధ్యలోనే ఆగిపోయాయి. అడుగు మెత్తబడ్డ అట్టపెట్టె ఒకటి రోలర్ల మధ్య దిగబడింది. బరువైనవి ధన్‌మని వచ్చి ముందు కొట్టుకున్నాయి. దాంతో ఒక్కో వరసకి వాలు వేరుగా పెట్టించాం, తేలికవాటిని ట్రేలలోకి మార్చాం. సరుకు పేర్చిన చెక్క పలకలకి, అంటే ప్యాలెట్లకైతే, వేగాన్ని ఆపే బ్రేక్ రోలర్లు లేకుండా అసలు ఆలోచించకూడదు, అంత బరువు జారితే ప్రాణాల మీదికొస్తుంది.

ఎప్పుడో ఒకసారి కదిలే సరుకుని మాత్రం పాత అరల్లోనే ఉంచాను. దానికి వరసంతా ఇస్తే చోటు దండగ. ఇంకా రెండు వరసలు సరిగా జారడం లేదు, రేపు వాటి వాలు మళ్లీ చూడాలి.