రూతు తెచ్చిన తూమెడు యవలు ఎన్ని కేజీలు?

బైబిల్లో రూతు 2:17లో, రూతు పొలంలో పరిగె ఏరి దుళ్ళగొడితే "దాదాపు తూమెడు యవలాయెను" (యవలంటే బార్లీ) అని ఉంటుంది కదా, చాలా ఏళ్ళు నేను ఆ మాట దగ్గర ఆగకుండా చదివేసుకుంటూ వెళ్ళిపోయేదాన్ని, పాపం ఏదో కొంచెం దొరికి ఉంటుందిలే అనుకునేదాన్ని. మొన్న ఇంట్లో కూడికకి వచ్చిన ఒక పాప "ఆంటీ, తూమంటే ఎన్ని కేజీలు?" అని అడిగింది. చెప్పలేకపోయా. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను, వేశాక ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

తూము మన పెద్దవాళ్ళ కొలత, నాలుగు కుంచాలైతే తూము, ఇరవై తూములైతే పుట్టి, కానీ ఆ కుంచమే ఊరికో సైజులో ఉండేది కాబట్టి దాంతో లెక్క తేలదు. హెబ్రీలో ఉన్న మాట ఏఫా. ఏఫాలో పదో వంతు ఓమెరు (నిర్గమ 16:36), మూడో వంతు సెయా, పది ఏఫాలు కలిస్తే హోమెరు. ఓమెరు, హోమెరు మన చెవికి ఒక్కలాగే ఉంటాయి గానీ రెండింటికీ వంద రెట్లు తేడా.

మరి ఏఫా అంటే ఎంత? యెహెజ్కేలు 45:11 ప్రకారం ఏఫా, బత్ ఒకే పరిమాణం, ఒకటి గింజలకి ఇంకోటి నూనె ద్రాక్షారసాలకి. బత్ అని చెక్కి ఉన్న జాడీ పెంకులు తవ్వకాల్లో దొరికాయి, వాటిని బట్టి సుమారు 22 లీటర్లు అని చెప్తారు. పగిలిన పెంకుల నుంచి కట్టిన అంచనా కాబట్టి అందరూ ఒప్పుకోరు, 36 లీటర్ల దాకా చెప్పేవాళ్ళూ ఉన్నారు. యూదుల రబ్బీలైతే కోడిగుడ్లతో కొలిచారు, ఓమెరు అంటే 43.2 గుడ్లు పట్టేంత, ఇక గుడ్డు ఏ సైజు అన్నదాని మీద వాళ్ళలో వాళ్ళకే తేడా, ఒక లెక్కలో ఓమెరు రెండున్నర లీటర్లు, ఇంకో లెక్కలో నాలుగు దాటుతుంది. నేను తక్కువ లెక్కే పట్టుకుంటా, 22.

22 లీటర్ల యవలు అంటే 13, 14 కేజీలు అండి! అదీ దుళ్ళగొట్టాక, ఉత్త గింజ.

మా అమ్మమ్మ వరి కోతలయ్యాక పరిగె ఏరేది. పొద్దున్నుంచి నడుం వంచి ఏరితే సాయంత్రానికి కొంగున ముడేసుకునేన్ని గింజలు, అంతే. పరిగె అంటే అదే కదా, కోసినవాళ్ళ చేతిలోంచి జారిపోయినవి. 14 కేజీలు జారిపోవు. ముందు వచనం చూడండి, 2:16, రూతు కోసం కావాలని పిడికెళ్ళు లాగి పడెయ్యండి, గద్దించకండి అని ఆ పొలం యజమాని బోయజు పనివాళ్ళకి చెప్పాడు. ఆ సంగతి రూతుకి తెలుసని ఎక్కడా లేదు, ఆమె తన కష్టమే అనుకుని ఉంటుంది. ఆమె అత్త నయోమి మాత్రం ఆ మూట చూడగానే నేడు ఎక్కడ ఏరుకున్నావు, నిన్ను లక్ష్యపెట్టినవాడు దీవింపబడాలి అనేసింది. కోతలు చూసిన మనిషి కదా, మూట బరువు బట్టే ఎవరో చెయ్యి వేశారని పట్టేసింది.

ఇంకోటి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం మన్నా, మనిషికి రోజుకి ఒక ఓమెరు, అంటే 2.2 లీటర్లు. ఆ లెక్కన రూతు ఒక్క రోజులో తెచ్చింది పది మంది ఒకరోజు మన్నా అంత, అత్తాకోడళ్ళకి ఐదు రోజులకి సరిపడా. పైగా అది యవల కోత మొదలైన కాలం. ధర్మశాస్త్రంలో ప్రథమ పంటగా తెమ్మన్న పనకి (కోసిన కంకుల కట్టకి) కూడా హెబ్రీలో ఓమెరు అనే అంటారు, అక్కడి నుంచి 49 రోజులు లెక్కపెట్టుకుని యూదులు వారాల పండుగ చేసుకుంటారు, చాలా సమాజమందిరాల్లో ఆ పండక్కి చదివేది ఈ రూతు గ్రంథమే.

3:15లో మళ్ళీ ఆరు కొలల యవలు ఇచ్చాడు బోయజు. ఏ కొలతో హెబ్రీలో రాయలేదు, ఉత్త ఆరు అనే ఉంది. ఆరు ఏఫాలైతే 80 కేజీలు, దుప్పట్లో కట్టుకుని ఒక్కతే మోసుకెళ్ళలేదు. ఆరు సెయాలైతే 27 కేజీల దాకా, కష్టమే గానీ కష్టజీవి మోస్తుంది, నాకు ఇదే సరిగ్గా అనిపిస్తుంది. ఇంటికొచ్చి అత్తకి ఆయన మాట చెప్పింది, వట్టిచేతులతో మీ అత్త దగ్గరికి పోవద్దన్నాడని. హెబ్రీలో ఆ "వట్టి" అన్న మాట రేకామ్. మొదటి అధ్యాయంలో నయోమి బేత్లెహేము ఆడవాళ్ళ ముందు, నిండుగా వెళ్ళాను, యెహోవా నన్ను రిక్తురాలిగా తిరిగి తెచ్చాడు అని ఏడ్చింది చూడండి, అక్కడున్నదీ అదే రేకామ్.