ఆకు వాలగానే మగ్గు అందుకోకండి

రంగురంగుల ఆకుల దుంపమొక్క కలాడియం. దాని ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి కాడతో సహా వాలిపోతుంటే, చాలామంది చేసే మొదటి పని ఇంకో మగ్గు నీళ్లు పోయడం. దుంప చచ్చేది అక్కడే. ఆకులు లేనప్పుడు అది నీళ్లు తాగదు. తడిమట్టిలో గాలాడక కుళ్ళిపోతుంది.

దుంప నిద్రకు (ఆకులు రాల్చి కొన్నాళ్లు విశ్రాంతికి) వెళ్తోందా, కుళ్ళుతోందా? కుండీ అంచునుంచి మట్టి తవ్వి దుంపను బొటనవేలితో నొక్కండి. గట్టిగా, బరువుగా ఉంటే నిద్రే. వేలు దిగబడి కంపు కొడితే కుళ్ళు. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో, మచ్చలేని గట్టి కండ తగిలేదాకా కోసేయాలి. కోతకు గంధకం పొడి అద్ది, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టాలి. చేతులకు గ్లౌజులు మరవకండి, ఈ దుంపల రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, దురద పుడుతుంది.

గట్టి దుంపకైతే నీళ్లు తగ్గిస్తూ మానేసి, ఆకులు ఎండాక, కొబ్బరిపీచు పొట్టైన పొడి కోకోపీట్‌లో 18–21 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాచాలి. 15 కంటే తగ్గితే దెబ్బతింటుంది. ఫ్రిజ్‌లో పెట్టమనేవాళ్లు చలి కావాల్సిన తులిప్ దుంపల లెక్క చెబుతున్నారు, వినకండి. పాలిథిన్ కవరూ వద్దు, చెమటపట్టి బూజు వస్తుంది.

మళ్ళీ నాటేటప్పుడు లోతు 4–5 సెంటీమీటర్లు, మొలకలొచ్చే మొటిమల్లాంటి కళ్ళు పైకి. తలకిందులుగా పడినా మొలుస్తుంది, కాకపోతే ఆలస్యంగా. నడిమి పెద్ద కన్నును కత్తిమొనతో తీసేస్తే పక్కనున్న చిన్నవి లేచి మొక్క గుబురవుతుంది, ఆకులు మాత్రం కాస్త చిన్నవొస్తాయి. కోకోపీట్ రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతిగుళికలు) ఒక పాలు చాలు. దుంప చుట్టూ నాలుగు వేళ్ల జాగా మించిన కుండీ వద్దు, వేర్లు అందుకోని మట్టి ఆరదు. మొలక కనిపించేదాకా తేమ ఉంటే చాలు.

గంటల్లాంటి పూల గ్లాక్సీనియా దుంపకు గుంటవైపు పైకి రావాలి, ఆ గుంటలో నీళ్లు నిలిస్తే మొగ్గే కుళ్ళుతుంది. చన్నీళ్లు ఆకులమీద పడితే పాలిపోయిన మచ్చలు మిగులుతాయి, అవి పోవు.

చేమదుంపకు చుట్టమైన అలొకేసియా ఆకు అడుగున సన్నటి బూజుగూడు, పైన సూదిమొన చుక్కలు కనిపిస్తే నల్లి (ఆకు రసం పీల్చే స్పైడర్ మైట్). గాలి పొడిగా ఉంటే ఇట్టే పెరుగుతుంది. వారానికి రెండుసార్లు ఆకు అడుగుభాగం తడిగుడ్డతో తుడవాలి. కొత్తాకు విప్పుకుంటుంటే అడుగున ఒక ముసలాకు పండడం మాత్రం మామూలే. తెల్లవారి ఆకుమొనన నీటిబొట్టు వేలాడడమూ రోగం కాదు, వేర్లు తోడిన నీరే.