క్విల్ ట్యూబ్ నుంచి ఆక్సిజన్ సిలిండర్ దాకా

మన కాలేజీలో బైపీసీ వాళ్లకి ఫిజిక్స్ అంటే ఎలాగోలా గట్టెక్కాల్సిన సబ్జెక్టు. 1988-90 బ్యాచ్‌లో మేమూ అలాగే అనుకున్నాం. జువాలజీ రికార్డులో బొమ్మలు వేయడానికి ఉన్న ఓపిక ఉష్ణశాస్త్రం లెక్కల దగ్గర ఉండేది కాదు. ఇప్పుడు మత్తు డాక్టరుగా ఆపరేషన్ థియేటర్లో నేను రోజూ వాడే ఫిజిక్స్ చాలా వరకు ఆ చాప్టర్లోదే. దాన్ని మాకు చెప్పిన సార్ గురించి, ఆయన చెప్పిన తీరు గురించి మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

సార్ ఏ నియమాన్నీ సూత్రంతో మొదలుపెట్టేవారు కాదు. బాయిల్ నియమం రోజున బోర్డు మీద ముందు 'ద్రవ్యరాశి మారకూడదు, ఉష్ణోగ్రత మారకూడదు' అని రాసి, కింద గీత గీసి, ఆ తర్వాతే పీడనం మాట ఎత్తారు. స్లిప్ టెస్టులో పీడనం, ఘనపరిమాణాల లబ్ధం స్థిరం అని మాత్రమే రాసిన వాళ్లకి సగం మార్కులు కోశారు. అప్పుడు అన్యాయం అనిపించింది. షరతులే అసలు నియమమని ఆయన ఎంత చెప్పినా, క్లాసులో అది మా తలకెక్కలేదు. ల్యాబ్‌లో ఎక్కింది.

క్విల్ ట్యూబ్ ప్రయోగం గుర్తుంది కదా? ఒక వైపు మూసేసిన సన్నని గాజు గొట్టం, అందులో కాస్త పాదరసం, పాదరసానికీ మూసిన కొసకీ మధ్య చిక్కుకున్న గాలి. గొట్టాన్ని నోరు పైకి పెట్టి నిలబెడితే వాతావరణ పీడనానికి పాదరసం బరువు తోడై గాలి నొక్కుకుంటుంది. అడ్డంగా పెడితే వాతావరణ పీడనం ఒక్కటే. తలకిందులు చేస్తే ఆ బరువు తీసేసినట్టు లెక్క, గాలి సాగుతుంది. వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల పాదరసానికి సమానం, గొట్టంలో పాదరసం పొడవు 10 సెంటీమీటర్లు, అడ్డంగా ఉన్నప్పుడు గాలి పొడవు 20 అనుకుంటే, నిలబెట్టినప్పుడు 17.7, తలకిందులైతే 23 వస్తుంది. పీడనాలు 76కి 10 కలిపితే 86, అడ్డంగా 76, 10 తీసేస్తే 66. 86 ని 17.7 తో, 76 ని 20 తో, 66 ని 23 తో గుణించి చూడండి. మూడూ 1520 దగ్గరే ఉంటాయి. ఇంకో సంగతి. ఈ కొలతల నుంచే వెనక్కి లెక్క కట్టి ఆ రోజు వాతావరణ పీడనం ఎంతో చెప్పొచ్చు. వాతావరణ పీడనం కొలవడానికి గోడకున్న ఫోర్టిన్ బారోమీటర్ వైపు చూడకుండా ముందు మా లెక్క చెప్పమనేవారు సార్. జానెడున్నర గొట్టంతో ఆకాశం బరువు తూచినంత సంబరం అది.

గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంటే మాత్రం ఆయన ఊరుకునేవారు కాదు. చేతి వేడికి లోపలి గాలి మూడు డిగ్రీలు పెరిగినా, 20 సెంటీమీటర్ల గాలి మీద 2 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అది స్కేలు మీద కంటికి కనిపించే తేడా. స్టాండుకి బిగించి, వేలితో గొట్టాన్ని మెల్లగా తట్టి, కాసేపు ఆగి అప్పుడు రీడింగ్ తీయాలి. ఉష్ణోగ్రత మారకూడదు అన్న బోర్డు మీది గీతకి అర్థం నాకు అక్కడ తెలిసింది.

చార్లెస్ నియమానికి గ్రాఫ్ గీయించారు. పీడనం మార్చకుండా చల్లబరిస్తే వాయువు ఘనపరిమాణం, సున్నా డిగ్రీల దగ్గర ఉన్నదానిలో డిగ్రీకి 273వ వంతు చొప్పున తగ్గుతుంది. ఆ గీతని ఎడమకి పొడిగిస్తూ పోతే మా గ్రాఫ్ పేపర్ చాలలేదు. పక్కన ఇంకో పేపర్ అతికించుకోమన్నారు. ఘనపరిమాణం సున్నా అయ్యే చోటు రెండో కాగితం మీద, మైనస్ 273 దగ్గర వచ్చింది. చార్లెస్ 1787 ప్రాంతంలో చేసిన పనిని ప్రచురించకుండా వదిలేశాడనీ, 1802లో గే-లుసాక్ తన ఫలితాలు ప్రచురిస్తూ ఆ ఘనత చార్లెస్‌కి ఇచ్చాడనీ చెప్పారు. ఆ నిజాయితీ ఆయనకి చాలా ఇష్టం. ఆ తర్వాత మా లెక్కల్లో, ఆ మైనస్ 273నే సున్నాగా తీసుకునే కెల్విన్ బదులు సెల్సియస్ కనిపిస్తే ఎర్ర ఇంకు పడేది.

ఈ నియమాల్ని తూచా తప్పకుండా పాటించే ఆదర్శ వాయువు ఎక్కడా దొరకదనీ, దానికి బాగా దగ్గరగా వచ్చేది హీలియం అనీ చెబుతూ సార్ గుంటూరు సంగతి ఎత్తేవారు. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనే పరిశీలించాడు. హీలియంని మొదట పసిగట్టింది సూర్యుడి వెలుగులోనే కాబట్టి, దాని కథలో మన ఊరి పేరు అలా చేరింది. మా జిల్లా పిల్లలకి అంతకన్నా ఏం కావాలి!

ఇక ఈ చదువు ఎక్కడ అక్కరకొచ్చిందో చెప్తాను. 2021 వేసవిలో, కరోనా రెండో వేవ్‌లో, రోజంతా ఫోన్లే. అందరిదీ ఒకటే ప్రశ్న: "డాక్టర్ గారూ, ఈ సిలిండర్ ఎంతసేపు వస్తుంది?" చిన్న బీ టైప్ సిలిండర్ లోపలి జాగా సుమారు 10 లీటర్లు. గేజ్ 50 బార్, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 50 రెట్లు, చూపిస్తే బయటికొచ్చేది 500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున పెడితే 100 నిమిషాలు. జంబో సిలిండర్ అయితే 47 లీటర్ల జాగా, 150 బార్ నింపితే దాదాపు 7,000 లీటర్లు. అదే 5 లీటర్ల చొప్పున 23 గంటలు. ఇది అచ్చంగా బాయిల్ నియమమే. అంత పీడనం దగ్గర ఆక్సిజన్ ఆదర్శ వాయువు నుంచి కొద్దిగా పక్కకి జరుగుతుంది గానీ, పేషెంటు పక్కన కూర్చున్నవాళ్ల టెన్షన్ తగ్గించడానికి ఈ లెక్క చాలు. ముల్లు సున్నాకి వచ్చేదాకా చూడొద్దు, కొంత ఉండగానే మార్చుకోండి అని మాత్రం ప్రతి ఒక్కరికీ చెప్పేవాడిని.

ఇదే లెక్క మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువుకి వేస్తే ప్రమాదం. థియేటర్లో నీలం రంగు సిలిండర్ అది. అందులో ఉండేది చాలావరకు ద్రవం, పైన దాని ఆవిరి. వాడుతున్న కొద్దీ ద్రవం ఆవిరై ఖాళీని నింపుతుంది కాబట్టి గేజ్ ముల్లు 50 బార్ చుట్టుపక్కలే నిలబడి ఉంటుంది. ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ని తూచాలి. వంటింట్లో గ్యాస్ బండదీ ఇదే పద్ధతి. ఒక వాయువుని ఎంత నొక్కినా ద్రవం కాని హద్దుని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు, దానికి పైన ద్రవం ఉండదు. ఆక్సిజన్‌ది మైనస్ 118, అందుకే మన వాతావరణంలో ఎంత నొక్కినా అది ద్రవం కాదు. నైట్రస్ ఆక్సైడ్‌ది 36.4 డిగ్రీలు. అంటే పల్నాడు ఎండల్లో స్టోర్ రూమ్ 40 దాటితే ఆ సిలిండర్లో ద్రవం అంటూ ఉండదు. వేడి దేశాల్లో దాన్ని తక్కువ నింపడానికి కారణం ఇదే. నా దగ్గర పీజీ చేసే పిల్లలకి ఈ రెండు సిలిండర్ల తేడా చెప్పేటప్పుడు నేనూ సార్ లాగే ముందు షరతులు రాసి గీత గీస్తాను.

ఎండలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ లెక్క కూడా వాళ్ల చేత వేయిస్తాను. 27 డిగ్రీల దగ్గర 150 బార్ ఉన్నది 47 డిగ్రీలకి ఎంత అవుతుంది? సెల్సియస్‌లో వేసినవాళ్లకి 261 వచ్చి కంగారు పడతారు. 300, 320 కెల్విన్ అని వేసినవాళ్లకి 160 వస్తుంది. అయినా నీడలోనే పెట్టాలి, అది వేరే మాట.

సార్ ఇప్పుడు లేరు. ల్యాబ్‌లో పాదరసం వాడకం తగ్గించడం సబబే, అది విషం. అయితే దానితో పాటు ఆ ప్రయోగం పోకూడదు. గేజ్ బిగించిన సిరంజితో బాయిల్ నియమాన్ని శుభ్రంగా చూపించొచ్చు, ఖర్చూ పెద్దగా కాదు. ఈ ఏడాది మన బ్యాచ్‌ల చందాతో కొనే సామాన్లలో, బల్లకి ఒకటి చొప్పున అవి చేర్చమని కమిటీని కోరుతున్నాను. బైపీసీ బల్లలకి కూడా.