ముడత పడాలి

దొడ్లో కుళాయి దగ్గర పాచిపట్టిన గచ్చు మీద కాలు జారింది. పాదం అక్కడే ఉండిపోయి ఒళ్లంతా పక్కకు తిరిగింది. టక్కుమన్న చప్పుడు వంటింట్లో ఉన్న అత్తయ్యకు కూడా వినబడిందట. ఎక్స్‌రేలో చీలమండకు నాలుగు వేళ్ల పైన ఎముక ఏటవాలుగా విరిగి, పక్కకు జరిగి ఉంది.

ఆ రోజే ఆపరేషన్ అయిపోతుందనుకున్నాం. డాక్టరుగారు వెనకవైపు పిండికట్టు వేసి, కాలు దిండ్ల మీద ఎత్తించి, "వాపు తగ్గాలమ్మా, అప్పటిదాకా కత్తి పెట్టను" అన్నారు. బిల్లు పెంచడానికే ఇదంతా అని మరిది గొణిగాడు. పుత్తూరు తీసుకెళ్లి నాటుకట్టు కట్టిద్దామన్నారు బావగారు. ఆ కట్టు మీద నాకేం చిన్నచూపు లేదు, మా నాన్న చెయ్యి విరిగితే అక్కడే కట్టించారు. కానీ నాది జరిగిపోయిన ఎముక.

చీలమండ పైన ఎముక మీద కండ ఉండదు, చర్మమే. ఉబ్బి ఉన్నప్పుడు కోస్తే కుట్లు సరిగా కలవవట, చీము పడితే ఎముకకు బిగించే ప్లేటుదాకా పోతుందట. మూడో రోజుకి కాలంతా నీటి పొక్కులు లేచాయి. అవి చూశాక మరిది మళ్లీ బిల్లు మాట ఎత్తలేదు. రోజూ పొద్దున్నే డాక్టరుగారు వచ్చి చర్మాన్ని వేలితో కదిపి చూసేవారు. ముడత పడితే వాపు దిగినట్టు. మొహం మీద ముడతలకు క్రీములు రాసుకునే వయసులో కాలి మీద ముడత కోసం తొమ్మిది రోజులు మొక్కుకున్నాను.

నడుముకి మత్తు ఇచ్చారు. మెలకువగానే ఉండి డ్రిల్లు చప్పుడు విన్నాను, ఎవరింట్లోనో మేకు కొడుతున్నట్టుంది. పొడవాటి ప్లేటు, తొమ్మిది స్క్రూలు.

ఆరు వారాలు పాదం నేలకు ఆననివ్వలేదు. వాకరుతో గెంతడం, రంధ్రం ఉన్న కుర్చీ, పొట్టేలు కాళ్ల పులుసు. కాలు కిందికి వేలాడేస్తే చాలు, వంకాయ రంగుకి తిరిగేది. ఆరో వారం ఎక్స్‌రేలో విరుపు చుట్టూ మబ్బులా కొత్త ఎముక కనబడింది. తూకం మిషను మీద పాదం పెట్టి 20 కిలోలు చూపేదాకానే నొక్కమన్నారు. మొదటిరోజు ఆరు దగ్గరే చెమటలు పట్టాయి.

ఇప్పుడు ఐదో నెల. గొంతుక్కూర్చోవడం రాదు, చెప్పు పట్టీ స్క్రూ మీద ఒరుసుకుంటుంది. ఆదివారాలు అత్తయ్య గచ్చు మీద బ్లీచింగ్ చల్లి రుద్దుతుంటారు. సాయం చేద్దామని లేస్తే, "గడప దాటావంటే చూడు" అంటారు.