కొండదారిలో నీటి గుర్తులు

ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తాగునీటి గుర్తులను స్వయంగా సరిచూడాలని ఒక కొండదారి వెంట నడిచాను. 2004లో మొదలైన ఈ పటంలో నీటివనరు ఉన్న చోటును చూపడం తేలికే. ఆ నీరు తాగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు రాయడమే కష్టం. ఆ గుర్తును నమ్మి ఖాళీ సీసాతో బయలుదేరేవాళ్లు ఉంటారు.

దారి మొదట్లోని కొళాయి దగ్గర పెద్ద పని లేదు. ‘తాగునీరు’ అన్న బోర్డు ఉంది, నీళ్లు వస్తున్నాయి. సరిచూసిన తేదీ చేర్చాను.

ఎక్కువసేపు ఆగింది పైనున్న ఊట దగ్గర. పటం దాన్ని తాగునీరని చూపుతోంది, పక్కన పాతిన బోర్డేమో పరీక్షించని నీరు కనుక తాగరాదంటోంది, ఆ బోర్డు ముందే స్థానికులు నీళ్లు పట్టుకొని తాగుతున్నారు. ఇలాంటి చోట్ల కోసమే పటంలో రెండు ట్యాగులు, అంటే వివరం నింపే గడులు, ఉన్నాయి: ‘డ్రింకింగ్_వాటర్’ తాగడానికి పనికొస్తుందా అన్నది చెబితే, ‘డ్రింకింగ్_వాటర్:లీగల్’ అధికారిక ఆమోదం ఉందా అన్నది చెబుతుంది. మొదటిదాన్ని ‘యెస్’గానే ఉంచి, రెండోదానికి ‘నో’ రాసి, బోర్డు మాటలను వివరణలో యథాతథంగా ఎక్కించాను. నీరు తేటగా ఉంది గాని, అది సాక్ష్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో, మలం కలిసిందని తెలిపే ఇ.కోలై బాక్టీరియా అసలు కనిపించకూడదు. దాన్ని కంటితో తేల్చలేం. పైగా ఎగువన పశువులు మేస్తున్నాయి, నిన్నటి పరీక్ష ఫలితం మారిపోవడానికి ఒక్క వాన చాలు.

దిగువనున్న చేతిపంపుకు బోర్డు లేదు, తాగేవాళ్లూ కనిపించలేదు. నీటిని మరగకాస్తే క్రిములు చస్తాయి గాని, భూగర్భజలంలో కలిసిన ఆర్సెనిక్, ఫ్లోరైడ్ పోవు. బంగ్లాదేశ్‌లో గొట్టపుబావులను పరీక్షించి, ఆర్సెనిక్ పరిమితి మించినవాటికి ఎరుపు, మిగిలినవాటికి ఆకుపచ్చ రంగు పూశారు. అక్కడి పరిమితి లీటరుకు 50 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 10. అంటే ఆకుపచ్చ పంపు నీరే రెండో కొలతకు నిలవకపోవచ్చు. ఎప్పుడు, ఏ పరిమితితో కొలిచారో చెప్పకుండా ‘సురక్షితం’ అని రాసిన గుర్తు చూస్తే నాకు దిగులేస్తుంది. అందుకే ఈ చేతిపంపును గుర్తించి, తాగునీటి గడిని ఖాళీగా వదిలాను.

అవతలి వాలులోని చెలమ ఎండిపోయి ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుందని ఒక్కసారి చూసి చెప్పలేను కనుక దాన్ని చెరిపేయకుండా, వానలు పడ్డాక అటు వెళ్లేవారు చూసి రాయాలని పటంపై నోట్ పెట్టాను.