కబేళా నీటి పరీక్ష: బాటిల్ దగ్గరే సగం ఫలితం

కబేళా నీళ్ల రిపోర్టు చేతికొస్తే నేను ముందు చూసేది శాంపిల్ తీసిన టైమ్. కోత జరిగేటప్పుడు కాలువలో నెత్తురు, పేగుల్లోని పేడ పారతాయి. కడిగేటప్పుడు వేడినీళ్లు, క్లోరిన్. ఒక్క బాటిల్‌తో రోజంతా ఎలా ఉందో తెలియదు. అందుకే బీఓడీ (నీటిలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియా వాడే ఆక్సిజన్), సీఓడీ (ఆ మలినాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) పరీక్షలకు గంటకోసారి పట్టి, ప్రవాహాన్ని బట్టి పాళ్లు వేసి కలుపుతాను. బ్యాక్టీరియాకు ఆ కలిపిన నీళ్లు పనికిరావు, స్టెరైల్ బాటిల్‌లో నేరుగా పట్టిందే కావాలి. కొవ్వు పరీక్షకు విడిగా గాజు బాటిల్. కొవ్వు గోడలకు అంటుకుంటుంది కాబట్టి ఆ బాటిల్‌ను శాంపిల్ నీటితో ముందుగా కడగకూడదు.

బ్యాక్టీరియా పరీక్షకు వాడే 120 మి.లీ. బాటిల్‌లో, ఆటోక్లేవ్‌కు (ఆవిరి ఒత్తిడితో స్టెరైల్ చేసే యంత్రం) ముందే, క్లోరిన్‌ను విరిచే 10 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం 0.1 మి.లీ. వేయాలి. ఇది మరిస్తే క్లోరిన్ దారిపొడవునా బ్యాక్టీరియాను చంపుతూనే ఉంటుంది, రిపోర్టు అందంగా వస్తుంది, అబద్ధం చెబుతుంది. కుదపడానికి పైన కాస్త ఖాళీ వదిలి, ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

బ్యాక్టీరియాను వడకట్టి పట్టే మెంబ్రేన్ ఫిల్టర్ ఈ నీటికి నేను వాడను, కొవ్వుతో వెంటనే పూడుకుపోతుంది. ఎంపీఎన్ పద్ధతే నయం (పలచన చేసిన నీటిని ట్యూబుల్లో పోసి, ఎన్ని పాజిటివ్ వచ్చాయో చూసి బ్యాక్టీరియా సంఖ్యను అంచనా వేయడం). బాటిల్‌ను గట్టిగా 25 సార్లు కుదిపి, 9 మి.లీ. బఫర్‌లో (పలచన చేసే ద్రావణం) 1 మి.లీ. చొప్పున, ప్రతి మెట్టుకూ కొత్త పిపెట్‌తో, శుద్ధి చేయని నీటిని పది లక్షల వంతు దాకా పలచన చేస్తాను. అంతకు ముందే ఆపితే ట్యూబులన్నీ పాజిటివ్ వచ్చి, 'ఇంతకంటే ఎక్కువ' అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. రెండు రోజుల పని వృథా. లారిల్ ట్రిప్టోజ్ బ్రాత్‌లో (కోలిఫామ్ బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర 48 గంటల్లోపు డర్హామ్ ట్యూబ్‌లో (లోపల తలకిందులుగా ఉండే చిన్న గొట్టం) గ్యాస్ బుడగ కనిపిస్తే ఆ ట్యూబ్ పాజిటివ్. పాజిటివ్ వచ్చిన వాటిని, మలం నుంచి వచ్చే కోలిఫామ్‌లను ఖాయం చేసే ఈసీ బ్రాత్‌లోకి మార్చి 44.5 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాలి. దీనికి వాటర్ బాత్ కావాలి, మామూలు ఇంక్యుబేటర్ అంత నిలకడగా ఉండదు.

బీఓడీకి 300 మి.లీ. బాటిల్‌లో 0.5 మి.లీ. శాంపిల్ చాలు. నలకలున్న నీటిని అంత కొద్దిగా పిపెట్‌తో తీస్తే లెక్క తప్పుతుంది. 10 మి.లీ.ని లీటరుకు పలచన చేసి, అందులోంచి 50 మి.లీ. తీసుకుంటాను. ఆక్సిజన్ లీటరుకు కనీసం 2 మి.గ్రా. తగ్గాలి, కనీసం 1 మి.గ్రా. మిగలాలి. 4 తగ్గిందంటే, 300లో శాంపిల్ 0.5 మాత్రమే కాబట్టి 600తో గుణించి, బీఓడీ లీటరుకు 2400 మి.గ్రా. క్లోరిన్ తగిలిన నీరైతే ఆ క్లోరిన్‌ను తీసేసి సీడ్ (బతికున్న బ్యాక్టీరియా ఉన్న కొద్దిపాటి నీరు) కలపాలి.

సీఓడీకి మెర్క్యూరిక్ సల్ఫేట్ తప్పదు, ఉప్పులోని క్లోరైడ్ అంకెను పెంచేస్తుంది. ఆ పాదరసపు వ్యర్థాన్ని సింకులో పోయొద్దు. ఒకే శాంపిల్‌లో సీఓడీ కంటే బీఓడీ ఎక్కువొస్తే ఆ రిపోర్టు పంపను, పలచన చేసిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతాను.