క్రిస్మస్ ప్రేమ సినిమాల నోట్‌బుక్: ఎక్కడిదాకా వచ్చిందంటే

కిందటేడు సరదాకి మొదలుపెట్టిన నోట్‌బుక్ ఈ ఏడు కాస్త దారిలో పడింది. పని ఇంతే. క్రిస్మస్ ప్రేమకథ సినిమా ఒకటి చూడటం, అందులో ఆ ఊరి ఆచారమని ఏది చూపించారో రాసుకోవడం, తర్వాత ఆ ఊళ్ళో జనం నిజంగా ఏం చేస్తారో వెతికి దాని పక్కన రాయడం. పేజీకి ఒక సినిమా, నాలుగు గళ్ళు: కథ జరిగే చోటు, షూటింగ్ జరిగిన చోటు, కనిపించిన ఆచారం, కనిపించని ఆచారం. మొదటి రెండూ ఇట్టే నిండిపోతాయి. మూడోది ఏ పేజీ తిరగేసినా ఒకటే. చెట్టుకి లైట్లు వెలిగించే సభ, కుకీల పోటీ, హాట్ చాక్లెట్, మంచు ముద్దలు విసురుకోవడం. పనంతా నాలుగో గడితోనే.

మాది గుంటూరు, లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. డిసెంబర్ మొదట్లోనే సెమీ క్రిస్మస్, మేడ మీద వెదురుబద్దల నక్షత్రం, అర్ధరాత్రి దాటేదాకా ఇంటింటికీ తిరిగి పాడే కేరల్స్, ఇవన్నీ చూస్తూ పెరిగినదాన్ని. ఇప్పుడు బెంగళూరులో లింగరాజపురంలో ఉంటున్నాం. ఇక్కడా నవంబర్ ఆఖరుకల్లా వీధికి నాలుగిళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. అందుకే ఈ సినిమాల్లో పండగ నాకు మరీ పరాయిగా ఉండదు, అలాగని తెలిసినట్టూ ఉండదు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుందామనే ఈ నోట్‌బుక్.

చూసే పద్ధతి

సినిమా మొదలుపెట్టకముందే ఆఖర్లో పడే పేర్ల జాబితా చూసేస్తాను. షూటింగ్ ఏ దేశంలో, ఏ రాష్ట్రం పన్ను రాయితీతో జరిగిందో చాలావరకు అక్కడే దొరుకుతుంది. అమెరికా టీవీ ఛానెల్ హాల్‌మార్క్ 2009 నుంచి ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ పేరుతో ఏటా వరసపెట్టి వదిలే సినిమాలు ఎక్కువగా అమెరికా చిన్న ఊళ్ళ కథలే. తీసేది మాత్రం చాలాసార్లు కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోనో ఒంటారియోలోనో. రెండు మూడు వారాల్లో షూటింగ్ ముగించేస్తారు, అది కూడా తరచుగా ఎండాకాలంలో. తెర మీద మంచు నురుగో, కాగితం పొడో, దూది పరుపో, మరలో ఆడించిన ఐసో అయ్యుంటుంది.

దొంగ మంచుని పట్టుకోవడం సులువే. మాట్లాడేటప్పుడు నోట్లోంచి ఆవిరి వస్తోందా? వెనకాల చెట్లకి పచ్చటి ఆకులున్నాయా? భుజం మీద పడ్డ మంచు కరుగుతోందా? హీరోయిన్ కోటు గుండీలు పెట్టుకుందా? ఈ ఆటలో మా ఆయన నన్ను మించిపోయాడు. ముద్దు సీను నడుస్తుంటే “ఆవిరి లేదు, ఆవిరి లేదు” అని అరుస్తాడు. కథ మీద ధ్యాస నిలవదు, కానీ రెండో గడికి బాగా పనికొస్తాడు.

ఇంకో చిట్కా: సంతలు, విందులు వచ్చే సీన్లని ఆపి ఆపి చూడాలి. బల్ల మీద వంటకాలు ఏ దేశానివో అక్కడే తేలిపోతుంది. కప్పుల్లో ఏమీ ఉండదని కూడా.

రుమేనియా పేజీ

ఈ నోట్‌బుక్ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన పేజీ ఇది. నెట్‌ఫ్లిక్స్‌లో 2017లో వచ్చిన ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ అల్డోవియా అనే రాజ్యంలో జరుగుతుంది. మ్యాపులో ఎక్కడా లేని రాజ్యం. కోట మాత్రం నిజమైనదే, రుమేనియాలో సినాయా ఊరి పెలెష్ కోట. లేని దేశం కాబట్టి ఆచారాలు ఎవరివైనా ఒకటే అనుకున్నారేమో, కోటని మాత్రం తీసుకుని దేశాన్ని వదిలేశారు.

మరి ఆ దేశంలో ఏం చేస్తారు? రుమేనియా, మోల్డోవా పల్లెల్లో క్రిస్మస్ ముందురాత్రి కుర్రాళ్ళు జట్టుగా ఇంటింటికీ వెళ్ళి పాడతారు. దాన్ని కొలిందత్ అంటారు. యునెస్కో 2013లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పాట అందరికీ ఒకటి కాదు, ఆ ఇంటివాళ్ళ సంగతులకి తగ్గట్టు మారుస్తారు. పెళ్ళికాని అమ్మాయి ఉంటే ఆమె కోసం వేరే పాట పాడి, ఆమెతో కలిసి ఆడతారు. అలా చేస్తే ఏడాది తిరిగేలోపు పెళ్ళి కుదురుతుందని నమ్మకం.

ఇది చదివాక కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. ప్రేమకథ తీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పల్లె, రాత్రి, గుమ్మంలో కుర్రాళ్ళ జట్టు, ఇంట్లో పెళ్ళీడు పిల్ల, పక్కనే అమ్మా నాన్నా. కెమెరా ఆ దేశంలోనే ఉంది కూడా. కానీ కోటలోంచి బయటికి రాలేదు.

నాలుగో గడిలో ఇంకో సంగతి కూడా ఉంది. డిసెంబర్ 20న ఇగ్నాత్ రోజు పల్లెల్లో పందిని కోస్తారు. పండగ వంటలకి కావలసిన మాంసం దాన్నుంచే వస్తుంది. మాంసాన్ని క్యాబేజీ ఆకుల్లో చుట్టి ఉడికించే సర్మాలె, దాంతోపాటు కొజొనాక్ అనే తీపి రొట్టె. ఈ జాతి సినిమాల్లో కత్తి కనిపించదు, రక్తం అసలే కనిపించదు. విందులో టర్కీ మాత్రం ఎక్కడి నుంచో ఊడిపడుతుంది. మా ఇళ్ళలో క్రిస్మస్ రోజు పొద్దున సగంమంది ఆరాధనకి తయారవుతుంటే, మిగతావాళ్ళు మాంసం కొట్టు ముందు క్యూలో ఉంటారు. కొత్త చొక్కాకి మరకలు అంటకుండా సంచీని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని వచ్చే మా బాబాయి లేని క్రిస్మస్ నాకు గుర్తులేదు.

స్కాట్లాండ్, ఇంకా కొన్ని

‘ఎ క్యాజిల్ ఫర్ క్రిస్మస్’ 2021లో వచ్చింది. కథ స్కాట్లాండ్‌లోదే, తీసింది కూడా అక్కడే, ఎడిన్‌బరో దగ్గర డాల్మెనీ హౌస్‌లో. ఈ విషయంలో మార్కులు ఇవ్వాల్సిందే. చిక్కు ఇంకోచోట ఉంది. స్కాట్లాండ్‌లో క్రిస్మస్ చాలాకాలం పెద్ద పండగే కాదు. ప్రొటెస్టెంట్ మత సంస్కరణ తర్వాత అక్కడి చర్చి దీన్ని ఒప్పుకోలేదు. 1640లో అక్కడి పార్లమెంటు క్రిస్మస్ సెలవుల్ని రద్దు చేసింది. డిసెంబర్ 25 మళ్ళీ అధికారిక సెలవుగా మారింది 1958లో. అంటే ఇప్పటి తాతల చిన్నప్పుడు నాన్నలు ఆ రోజు పనికి వెళ్ళినవాళ్ళే. వాళ్ళ పెద్ద పండగ హోగ్మనే, డిసెంబర్ 31 రాత్రి.

అందులోనూ దొరికింది చూడండి. అర్ధరాత్రి పన్నెండు కొట్టాక ఇంటి గడప ముందుగా దాటేది నల్లజుట్టు మగవాడైతే ఏడాదంతా కలిసొస్తుందట. బొగ్గు ముక్కో, విస్కీ సీసానో, షార్ట్‌బ్రెడ్డో చేత్తో పట్టుకుని రావాలి. మన ఇళ్ళలో బయల్దేరేటప్పుడు ఎదురు ఎవరొచ్చారని చూసినట్టే. పొడుగ్గా, నల్లజుట్టుతో ఉన్నవాడు అర్ధరాత్రి తలుపు తట్టే సీనుని సంప్రదాయమే రాసి చేతిలో పెట్టింది. సినిమావాళ్ళు మాత్రం చెట్టుకి లైట్లు వేసుకుంటూ కూర్చున్నారు.

జపాన్ పేజీ తొందరగా నిండింది. అక్కడ క్రిస్మస్ ఈవ్ అంటే జంటల రోజు, స్ట్రాబెర్రీ కేకు, 1974 ప్రచారంతో అలవాటైన కెంటకీ ఫ్రైడ్ చికెన్. అంతకుమించి వెతకలేదు.

ఆ తర్వాత పద్ధతి తిరగేశాను. ముందు ఆచారాన్ని వెతికి, తర్వాత దానికి సినిమా ఉందేమో చూడటం. చెక్ దేశంలో సెయింట్ బార్బరా రోజున, అంటే డిసెంబర్ 4న, చెర్రీ కొమ్మ తెంచి ఇంట్లో నీళ్ళలో పెడతారు. క్రిస్మస్‌కల్లా పూస్తే ఆ ఇంటి అమ్మాయికి మరుసటేడు పెళ్ళి. ఇంకోటి, క్రిస్మస్ ఈవ్ రోజు అమ్మాయి తలుపుకి వీపు పెట్టి నిలబడి చెప్పుని భుజం మీదుగా వెనక్కి విసురుతుంది. చెప్పు మొన తలుపు వైపు తిరిగితే పెళ్ళై వెళ్ళిపోతుందని లెక్క. మా ఆయన ఇది వినగానే చెప్పుల స్టాండు వైపు చూశాడు. నాకు పెళ్ళైపోయిందని గుర్తుచేశాను.

ఈ పేజీలన్నీ పక్కపక్కన పెడితే నాకు తోచింది ఇది. ఈ ఆచారాల్లో ప్రేమ ఎప్పుడూ పెద్దవాళ్ళ కళ్ళముందే జరుగుతుంది. పండగ పేరు చెప్పి కుర్రవాడు గుమ్మం దాకా వస్తాడు, అమ్మాయి వాకిట్లోకి వస్తుంది, ఇంట్లోవాళ్ళు చూస్తూనే ఉంటారు. సినిమాలో హీరోయిన్‌కి ఆ సాకు అక్కర్లేదు. ఉద్యోగముంది, కారుంది, అమ్మ సాధారణంగా చనిపోయి ఉంటుంది. చుట్టాలు పోయాక ఆచారానికి చేసే పనేమీ మిగల్లేదు. అందుకే వెనకాల వేలాడే దండలా ఉండిపోయింది.

ఎదురింటి ఆంటీ, గవ్వలు

ఇది నా ఒక్కదాని బుర్రలోంచి వచ్చిందని చెప్పలేను. ఎదురింటి ఆంటీ ఆంగ్లో ఇండియన్. కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, పుట్టి పెరిగింది. 2001లో గనులు మూతపడ్డాక వాళ్ళ కుటుంబం బెంగళూరు వచ్చేసింది. కన్నడం, తమిళం, తెలుగు, ఇంగ్లీషు అన్నీ ఒకే వాక్యంలో మాట్లాడేస్తుంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి ఒక సినిమా చూపించాను. సగంలో “ఏమ్మా, ఈ పిల్లకి ఒక్క పిన్నమ్మ అయినా లేదా?” అంది. వాళ్ళ రోజుల్లో క్లబ్బులో క్రిస్మస్ డాన్సు జరిగితే గోడవారన కుర్చీల్లో తల్లులు, పిన్నులు, మేనత్తలు వరసగా కూర్చునేవాళ్ళట. ఎవరితో ఎన్ని డాన్సులు చేసిందో మర్నాడు పొద్దున కాఫీ దగ్గర లెక్క తేలేదట. అంకుల్ ఆవిడకి దొరికింది అక్కడే.

ఆంటీ దగ్గర కుల్‌కుల్స్ నేర్చుకున్నాను. చూడగానే మన గవ్వలే అని తెలిసిపోతుంది. పాకంలోనే తేడా. అమ్మ బెల్లం ముదురుపాకంలో వేస్తుంది, ఈవిడ పంచదారలో. కొలతలు ఇక్కడ రాసి పెడుతున్నాను. అర కిలో మైదా, రెండు గుడ్లు, యాభై గ్రాముల వెన్న, నాలుగు చెంచాల పంచదార పొడి, చిటికెడు ఉప్పు, పిండి కలపడానికి సరిపడా చిక్కటి కొబ్బరిపాలు. చపాతీ పిండికంటే కాస్త గట్టిగా ఉండాలి. తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టాలి. గోలీ అంత పిండి ఉండ తీసుకుని, కొత్త దువ్వెన మీద బొటనవేలితో పలచగా నొక్కి, అంచు పట్టుకుని చుట్టేయాలి. గవ్వల చెక్క ఉంటే దువ్వెన అక్కర్లేదు. అతుకు గట్టిగా నొక్కకపోతే నూనెలో విచ్చుకుంటుంది. మంట మధ్యస్థానికి కొంచెం తక్కువ. వేసిన గవ్వ అడుక్కి వెళ్ళి నిదానంగా పైకి తేలాలి, వెంటనే తేలిందంటే నూనె ఎక్కువ కాగిందన్నమాట. మీకు కావలసిన రంగుకంటే ఒక వన్నె ముందే తీసేయండి, పళ్ళెంలో ఇంకా ముదురుతాయి. తీగపాకం దాటిన పంచదారలో వేసి ఆపకుండా కలిపితే తెల్లటి పొర కడుతుంది. గాలి చొరని డబ్బాలో రెండు వారాలు బాగుంటాయి.

అర కిలో పిండికి ఒక్కరే కూర్చుంటే సాయంత్రమంతా పడుతుంది. అందుకే ఎప్పుడూ నలుగురైదుగురు కూర్చుంటారు. చేతులకి పని, తల వంచుకుని ఉంటారు, మాటలు వాటంతట అవే వస్తాయి. మా బిల్డింగులో ఎవరి కూతురు ఎవరితో తిరుగుతోందో నాకు ఆ రోజే తెలిసింది. సినిమాలో కుకీల సీను ఒక్క నిమిషం ఉంటుంది, ముక్కుకి పిండి అంటుతుంది, హీరో తుడుస్తాడు.

బెంగళూరు పేజీ

ఇది ఇంకా సగంలోనే ఉంది. ఎవరైనా ఇక్కడ ఇలాంటి సినిమా తీస్తే మూడో గడిలో ఏముంటుందో ఇప్పుడే రాసేయొచ్చు. బ్రిగేడ్ రోడ్డు లైట్లు, శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా గోపురం, ఫ్రేజర్ టౌన్ బేకరీలో ప్లమ్ కేకులు, డిసెంబర్ కేక్ షోలో పంచదారతో కట్టిన కోటలు. చలి ఉంది కాబట్టి స్వెటర్లు కూడా నిజమైనవే వేసుకోవచ్చు.

నాలుగో గడికి మా తెలుగు చర్చి కేరల్స్ చాలు. అద్దె టెంపో ట్రావెలర్, ఒక గిటారు, ఒక ఢోలక్, జారిపోయే గడ్డంతో క్రిస్మస్ తాత. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, ఫ్లాట్ నంబరు రాస్తే గానీ లోపలికి వదలరు. రాత్రి పది దాటితే మైకు వాడకూడదు, కాబట్టి చివరి ఇళ్ళలో ఉత్త గొంతులే. ప్రతి ఇంట్లో టీ, కేకు ముక్క, గవ్వలు. బండిలో వెనక సీటు కోసం కుర్రాళ్ళ తంటాలు, ముందు సీట్లోంచి అద్దంలో చూస్తూ ఉండే పాస్టరమ్మ గారు. కిందటేడు కుదిరిన ఒక పెళ్ళి ఈ బండిలోనే మొదలైందని అందరికీ తెలుసు, పాస్టరమ్మ గారికి అందరికంటే ముందే తెలుసు.

ఇక ఈ వారం పనులు. ఆంటీకి గులాబీ పువ్వుల అచ్చు కొనాలి. కొత్త ఇనప అచ్చుని ఒక రాత్రంతా నూనెలో నానబెట్టమంది, లేకపోతే పిండి వదలదట. ఫిలిప్పీన్స్ పేజీ మొదలుపెట్టాలి. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తెల్లవారకముందే చర్చికి వెళ్ళే సింబాంగ్ గాబీ ఉంది అక్కడ. చీకట్లో లేచి వరసగా అన్ని రోజులు వెళ్తారంటే చుట్టాలు కూడా వెంట ఉండే ఉంటారు. ఆ దేశంవాళ్ళు తమకోసం తాము తీసుకున్న సినిమా ఒకటి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నది, వెతుకుతున్నాను.